మూడో అంతస్తుకు చేరిన నీలం క్యారియర్

ఆ శనివారం ఉదయం ఇల్వా వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనం వేళకల్లా పిల్లవాణ్ణి ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి ఎంచుకోవాలి, దాన్ని తెచ్చి సూట్‌కేసు పక్కన పెట్టాలి, ఆ తర్వాత ఇంట్లో ఎవరి నోటా ఆ మాట వినపడకూడదు. వచ్చే శుక్రవారం ఆమె పదిహేను నెలల మల్టేతో స్టాక్‌హోం నుంచి పెర్త్‌కు బయలుదేరుతోంది. రెండు విమానాలు, ఇరవై గంటలకు పైగా ప్రయాణం, మధ్యలో విమానం మారడానికి గంటా పది నిమిషాలు.

పెర్త్‌లో ఆమె చెల్లెలు తోవాకు సోమవారం ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. బిడ్డ తండ్రి నాలుగో నెలలోనే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. తోవా పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. అలాంటిది ఫోన్లో ఒకే ఒక్కసారి, "ఆ గదిలో నా చెయ్యి పట్టుకోడానికి మనింటి మనిషి ఒకళ్ళుంటే చాలు," అంది. ఇల్వా ఆ ఫోను పెట్టేసిన పావుగంటలో టికెట్టు కొనేసింది. మల్టే ఇంకా పాలు మానలేదు కాబట్టి వాడూ వెళ్ళక తప్పదు. భర్త టోర్కెల్ మునిసిపాలిటీ నీటి విభాగంలో ఇంజనీరు. మార్చిలో మంచు కరుగుతుంటే ఆ విభాగంలో ఎవరికీ సెలవివ్వరు.

చిక్కంతా ఇల్వా కుడి మణికట్టుతో వచ్చింది. జనవరిలో బస్టాపు దగ్గర మంచు మీద జారి విరగ్గొట్టుకుంది. లోపల ప్లేటు, ఆరు స్క్రూలు. ఇంకో ఆరు వారాల దాకా టీ కెటిల్ కన్నా బరువైంది ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. మల్టే పదకొండు కిలోలు. విమానంలో గోడకు తగిలించే ఉయ్యాల వాడి బరువు ఆపదు, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి తోసే బండిని ఇక్కడ గేటు దగ్గర తీసుకుంటే మళ్ళీ పెర్త్‌లోనే ఇస్తారు. కాబట్టి ఆ ఇరవై గంటలూ ఆమెకు చెయ్యైనా కాలైనా ఆ క్యారియరే.

ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి ఆమె చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు. అత్తగారు సోల్వెయ్ పొద్దున్నే ఐదు మీటర్ల నేత గుడ్డ పట్టుకుని దిగింది. టోర్కెల్‌ని రెండేళ్ళు అందులోనే చుట్టుకుని తిరిగిందట, అడవిలో పుట్టగొడుగులు కూడా ఏరిందట. టోర్కెల్ కంప్యూటర్లో పదకొండు క్యారియర్లతో పట్టిక తయారుచేశాడు. బరువు, గుడ్డ రకం, ఉతికే వేడి, రంగు, జనం అభిప్రాయం, అన్నిటికీ గడులున్నాయి. కట్టుకునే మనిషికి చెయ్యి విరిగిందన్న దానికి మాత్రం గడి లేదు. నాకైతే ఆ పట్టిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్టాక్‌హోం పక్కనే ఉన్న మా సుండ్‌బీబెర్గ్‌లో స్కీలూ స్కేట్లూ పిల్లల సామానూ రెండు వారాలకు ఊరికే అరువిచ్చే చోటొకటి ఉంది. ముగ్గురూ పిల్లవాణ్ణి తీసుకుని అక్కడికెళ్ళారు. టోర్కెల్ కొండలెక్కేవాళ్ళు తగిలించుకునే ఇనుప చట్రం క్యారియర్ దగ్గర నిలబడిపోయాడు. దాన్ని విమానం లోపలికి రానివ్వరని అక్కడి మనిషి రెండుసార్లు చెప్పినా, చట్రం ఎంత గట్టిగా ఉందో అని మెచ్చుకుంటూనే ఉన్నాడు. సోల్వెయ్ తన ఐదు మీటర్లనూ ఇల్వా చుట్టూ తిప్పింది. అది బిగించి ముడేయడానికి రెండు మంచి చేతులు కావాలి. మూడో చుట్టుకి మల్టే అడ్డంగా వేలాడుతూ గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. తప్పు గుడ్డది కాదని, ఈ కాలపు తల్లులు నిలబడే తీరుదని సోల్వెయ్ అంది.

మిగతావాటిలో నాలుగింటికి క్లిప్పు మెడ వెనక ఉంది, ఇల్వా కుడిచెయ్యి అక్కడిదాకా పోదు. ఒక భుజానికే వేసుకునేది పది నిమిషాలకే మెడ లాగేసింది. చివరికి గుట్ట అడుగున పాతబడ్డ నీలం క్యారియర్ ఒకటి దొరికింది. పట్టీలన్నీ ముందుకొస్తాయి, క్లిప్పు రొమ్ము మీద పడుతుంది, ఎడమచేత్తో ఒక్క నొక్కు నొక్కితే చాలు. మల్టే తల్లి గుండెకు చెంప ఆనించి నాలుగు నిమిషాల్లో నిద్రపోయాడు. ఇల్వాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ క్యారియర్ తన పట్టికలో లేదని టోర్కెల్ అన్నాడు.

ఆదివారం మల్టే అందులో కూర్చునే బ్లూబెర్రీ సూప్ తాగి, తాగినదంతా అందులోకే కక్కాడు. సోమవారం ఎనిమిది నుంచి పదకొండు దాకా కింద లాండ్రీ గదిలో ఇల్వా వంతు. ఆ భవనంలో ఇరవై రెండు ఇళ్ళకూ కలిపి రెండు మిషన్లు, ఒక ఎండబెట్టే గది ఉన్నాయి. ఎవరి గంటలు వాళ్ళవి, గంట దాటాక లోపల ఒక్క జేబురుమాలు మిగిలినా క్షమాపణ ఉండదు. పదకొండు నుంచి మూడో అంతస్తులో ఉండే గున్‌బ్రిట్ వంతు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళుగా సోమవారం పదకొండు ఆవిడది. మిషను జాలీలో నూగు తియ్యలేదని, నేల తుడవలేదని, తలుపు మీద ఆవిడ పెద్దక్షరాలతో అంటించే చీటీలంటే పిల్లలకు కూడా భయం.

ఇల్వా పదకొండింటికే దిగాల్సింది. కానీ సరిగ్గా పదకొండుకు ఐదు నిమిషాలుండగా మల్టే డైపరు నింపాడు, అది వీపు దాకా పాకింది. ఆమె దిగేసరికి పదకొండూ ఇరవై ఐదు. ఆమె దుప్పట్లు, పిల్లవాడి చొక్కాలు చక్కగా మడిచి బల్ల మీద పెట్టి ఉన్నాయి. క్యారియర్ లేదు. మిషన్ల వెనకా, బుట్టల్లోనూ, ఎండబెట్టే గదిలో తీగల మీదా ఎక్కడా లేదు.

వేరే ఏ ఊళ్ళోనైనా ఏం చేస్తారు? మూడు అంతస్తులెక్కి తలుపు తట్టి, "ఏమండీ, మా క్యారియర్ చూశారా?" అని అడుగుతారు. మా ఊళ్ళో అలా చెయ్యరు. పిలవకుండా ఒకరి తలుపు తట్టడమంటే వాళ్ళ స్నానాలగదిలోకి చొరబడ్డంత తప్పు. ఇల్వా ఇంటికెళ్ళి, మల్టేకి అన్నం పెట్టి నిద్రపుచ్చాక కాగితం తీసింది. మొదట "దయచేసి" అని రాసింది, దాన్ని కొట్టేసింది. ఎండబెట్టే గదిలోంచి నీలం క్యారియర్ తీసుకున్నవాళ్ళు ఈ సాయంత్రానికి దాన్ని అక్కడే పెట్టాలని, అది లేకుండా తాను విమానం ఎక్కలేనని రాసి, ఫ్లాటు నంబరు వేసి తలుపుకు అంటించింది.

సాయంత్రం వెళ్ళి చూస్తే క్యారియర్ లేదు, ఆమె చీటీ కూడా లేదు. ఎవరో పీకేశారు. ఎవరో ఏమిటి, పదకొండింటి మనిషే. ఇల్వాకు చెవులు వేడెక్కాయి. మంగళవారం ఇంకో చీటీ రాసింది. అందులో దొంగతనం అన్న మాట ఉంది, ముదనష్టపు అన్న మాట కూడా ఉంది. నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించింది. మధ్యాహ్నానికి అదీ మాయమైంది.

"ఊరుకో ఇల్వా," అన్నాడు టోర్కెల్, మల్టేకి పాస్తా తినిపిస్తూ. "ఇంకోటి అరువు తెచ్చుకుందాం. గొడవెందుకు?"

అరువిచ్చే చోటికి వెళ్ళి అడిగితే ముందు క్లిప్పున్న క్యారియర్ ఇంకొకటి లేదన్నారు. ఆ పాతది కూడా ఎవరో ఇస్తే వచ్చిందట. ఇనుప చట్రంది మాత్రం ఇంకా ఉందని టోర్కెల్ ఆశగా చెప్పాడు. బుధవారం సోల్వెయ్ మళ్ళీ ఐదు మీటర్ల గుడ్డతో వచ్చింది. ఈసారి మల్టే అడ్డంగా కాక తలకిందులుగా వచ్చాడు. అప్పుడు ఇల్వా, పుట్టగొడుగులు ఏరడానికీ చెల్లెలి పురిటికీ తేడా ఉందని అత్తగారి ముఖం మీదే అనేసింది. సోల్వెయ్ గుడ్డ మడతపెట్టుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

అదే రోజు మధ్యాహ్నం మెట్ల మీద గున్‌బ్రిట్ ఎదురైంది. ఇద్దరూ ఆగారు. ఇల్వా ఆవిడ తప్పు ఒప్పుకుంటుందని చూసింది. గున్‌బ్రిట్ దేనికో చూసింది, దేనికన్నది తర్వాత తెలిసింది. ఎండ కాస్తోందని ఒకరన్నారు, ఇంకా గడ్డకట్టే చలేనని రెండోవారన్నారు.

"శుక్రవారమేగా ప్రయాణం?" అంది గున్‌బ్రిట్.

ఇది వెక్కిరింపు కాకపోతే మరేమిటి? "వెళ్ళనిస్తే వెళ్తామండీ," అంది ఇల్వా.

గున్‌బ్రిట్ పెదాలు బిగించి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఇల్వా ఇంటికొచ్చి భవన సంఘానికి ఈమెయిలు కొట్టింది. సంఘం అధ్యక్షుడు వెర్నెర్ రిటైరైన లెక్కల మాస్టారు. పదేళ్ళుగా ఆయనకు ఇలాంటి అవకాశం రాలేదు. గంటలోపే గురువారం సాయంత్రం ఆరింటికి అత్యవసర సమావేశమని అందరికీ ఈమెయిళ్ళు వెళ్ళాయి. ఈమెయిలు లేనివాళ్ళ కోసం లాండ్రీ తలుపుకు నోటీసు కూడా అంటించారు.

గురువారం పదకొండుమంది వచ్చారు. ఫ్లాస్కులో కాఫీ, పళ్ళెంలో దాల్చినచెక్క బన్నులు. గున్‌బ్రిట్ రాలేదు. ఆ ఖాళీ కుర్చీ వంక అందరూ చూసి, ఏమీ అనకుండా చాలా అనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ మూడేసి నిమిషాలు ఇచ్చారు. ఒకాయన సైకిళ్ళ గురించి మాట్లాడాడు. మరొకావిడ లాండ్రీలో ఎవరో వాడుతున్న సబ్బు వాసన తనకు పడదని చెప్పింది. ఎండబెట్టే గదిలో పిల్లల సామాను ఎంత పరిమాణం దాకా ఆరేయొచ్చన్నది అసలు ప్రశ్న అని ఇంకొకాయన తేల్చాడు. ఏడుంబావుకు వెర్నెర్ తీర్మానం చదివాడు. ముగ్గురితో ఒక కమిటీ, మే నెలాఖరుకు నివేదిక.

"రేపు పదకొండింటికి నా విమానం," అంది ఇల్వా.

"ఆ సంగతి మినిట్స్‌లో రాసుకుంటాం," అన్నాడు వెర్నెర్.

ఇల్వా లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది, ఎత్తలేదు. మల్టేని టోర్కెల్ ఒళ్ళో పడేసి మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకూ అనాల్సిన మాట ఒక్కటి చొప్పున పోగుచేసుకుంది. తోవా ఆపరేషన్ బల్ల మీద ఒంటరిగా పడుకుని తలుపు వైపు చూస్తున్నట్టు కళ్ళకు కట్టింది. మూడో అంతస్తుకు చేరింది. బెల్లు నొక్కి, అది చాలదని ఎడమచేత్తో తలుపు కూడా బాదింది.

గున్‌బ్రిట్ తలుపు తీసింది. ఆవిడ వెనక, హాల్లో, పైకప్పు దూలానికి కొట్టిన కొక్కానికి నీలం క్యారియర్ వేలాడుతోంది. అందులో పిల్లవాడు కూర్చునే చోట రెండు బంగాళాదుంపల సంచులు, వాటి మీద లావుపాటి నిఘంటువులు రెండు ఉన్నాయి.

"ముప్పై కిలోలు," అంది గున్‌బ్రిట్. "నిన్న పొద్దున్నుంచీ వేలాడుతోంది. ఒక్క దారం కదల్లేదు. ఇప్పటికి తీరిందా నీకు రావడానికి?"

ఇల్వా పోగుచేసుకొచ్చిన మాటల్లో ఏదీ దీనికి పనికిరాలేదు. గున్‌బ్రిట్ నిఘంటువులు దించింది, సంచులు దించింది, క్యారియర్ తిరగేసి ఎడమ పట్టీ మొదలు చూపించింది. అక్కడ పాత గుడ్డ మీద కొత్త తెల్లదారంతో చదరం, చదరంలో అడ్డంగా రెండు గీతలు, వాటి మీద మళ్ళీ కుట్టు ఉన్నాయి.

"ఇక్కడ మొత్తం ఊడిపోయి మూడంటే మూడు దారాలు మిగిలాయి. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్యానికి పారాచూట్ పట్టీలు కుట్టాను. ఆ కుట్టుకి నేను పిల్లిని కూడా వేలాడదీయను. నువ్వు బిడ్డను కట్టుకుని సముద్రాలు దాటబోయావు."

ఇల్వాకు ఆ రెండు రోజులూ గుర్తొచ్చాయి. శనివారం మల్టే ఆ పట్టీల మీదే నిద్రపోయాడు. ఆదివారం వాణ్ణి అందులోనే పెట్టుకుని మెట్లు దిగింది, కూడలి దాటింది.

"మరి నాకు చెప్పరేం?" అంది చివరికి. గొంతులో కోపం ఇంకా ఉంది, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

"చెప్పలేదా?" గున్‌బ్రిట్ కూడా గొంతు పెంచింది. "సోమవారం పదకొండున్నరకే చీటీ అంటించాను. క్యారియర్ నా దగ్గరుంది, కుట్టు ఊడింది, బాగుచేసి ఇస్తాను, వచ్చి తీసుకెళ్ళమని. నువ్వు పీకేశావు. మంగళవారం ఇంకోటి పెట్టాను. అదీ పీకేశావు. బుధవారం మెట్ల మీద ఒక్క థాంక్స్ అయినా చెప్తావేమో అనుకుంటే వెళ్ళనిస్తే వెళ్తామన్నావు. అయినా మూడోది అంటించాను."

"నేనొక్క చీటీ కూడా చూళ్ళేదండీ. నావే రెండు మీరు పీకేశారు."

"నేనా? నీ చీటీలు నేనెక్కడ చూశాను? ప్రయాణం సంగతి కూడా మెట్ల మీద విన్నదే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కింద సమావేశం జరిగిందని, కుర్చీ ఖాళీగా ఉన్నందుకు తనను దొంగగా లెక్కేశారని ఇల్వా చెబితే, అలాంటి నోటీసేదీ తాను చూడనే లేదని గున్‌బ్రిట్ అంది. ఆవిడ ముఖం పాలిపోయింది. నా దగ్గరికొచ్చి నోటితో అడిగితే ఏం పోయేదని అడిగింది. మీరే వచ్చి చెప్పొచ్చుగా అంది ఇల్వా. ఇరవై ఎనిమిదేళ్ళలో తాను ఈ భవనంలో ఒక్క తలుపూ తట్టలేదని గున్‌బ్రిట్ జవాబిచ్చింది. ఆ మాట అనేటప్పుడు అందులో గర్వం ఉంది, అనేశాక లేదు.

ఇల్వా క్యారియర్ చంకలో పెట్టుకుని కిందికి దిగింది. టోర్కెల్ వంటగదిలో ఉన్నాడు. చీటీల సంగతి అడగ్గానే మెడ దాకా ఎర్రబడ్డాడు. తర్వాత సింకు కింద నుంచి పాత కాగితాల సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. అందులో జనవరి నుంచీ లాండ్రీ తలుపు మీద పడిన చీటీలన్నీ ఉన్నాయి. రోజూ పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఇంకోసారి కిందికి వెళ్ళి పీక్కొచ్చేవాడు. గున్‌బ్రిట్‌వి మూడూ ఉన్నాయి, ఇల్వావి రెండూ ఉన్నాయి, వెర్నెర్ నోటీసు కూడా ఉంది.

"జనవరిలో నీకు చెయ్యి విరిగినప్పట్నుంచీ చిన్నదానికీ కోపమొస్తోంది కదా," అన్నాడు టోర్కెల్. "అవి చూస్తే నీకింకా కోపమొస్తుందని తీసేశాను. అటు ఆవిడకీ రాకూడదని నీవి తీసేశాను. మన మెట్ల మీద అందరూ ప్రశాంతంగా ఉండాలని అంతే."

"చదివావా?"

"లేదు. చదివితే నాకూ కోపమొస్తుందని చదవలేదు."

ఇల్వా అరవలేదు. అరిచి ఉంటే టోర్కెల్‌కి తేలికయ్యేది.

"నీ పట్టికలో నా చెయ్యి లేదు," అంది. "మీ అమ్మ గుడ్డలో నా చెయ్యి లేదు. నాకు మిగిలింది నా కోపం ఒక్కటే. దాన్ని కూడా నువ్వే పీకి చెత్త సంచీలో వేశావు. నా కోపం నాది, టోర్కెల్. ఆ చీటీ తలుపు మీదే ఉండి ఉంటే సోమవారమే మూడో అంతస్తెక్కేదాన్ని. ఈ పూట ఆ కోపం కూడా రాకపోయి ఉంటే రేపు చేతిలో బిడ్డతో ఇంట్లోనే కూర్చునేదాన్ని, తోవా అక్కడ ఒక్కతే ఉండేది."

టోర్కెల్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆ పూట అతను చేసిన మంచి పని అదొక్కటే.

శుక్రవారం పొద్దున ఏడింటికి గున్‌బ్రిట్ కోటు వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. మల్టేని తానే ఇల్వా రొమ్ముకు కట్టింది, పట్టీలు రెండూ పిడికిట్లో పట్టుకుని గట్టిగా లాగి చూసింది, క్లిప్పు ఎడమచేత్తో నాలుగుసార్లు పెట్టించి నాలుగుసార్లు తీయించింది. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు అక్కడి సిబ్బంది పిల్లవాణ్ణి బయటికి తీసి ఒళ్ళో బెల్టు వేయమంటారని, నిద్రలేపమన్నారని వాళ్ళ మీద కోప్పడొద్దని చెప్పింది. సామాను మోస్తూ పక్కన నిలబడ్డ టోర్కెల్‌ని ఇద్దరూ చూడలేదు.

మొదటి విమానంలో మల్టే నాలుగు గంటలు నిద్రపోయాడు. మధ్యలో విమానం మారేచోట గేటు చిట్టచివర ఉంది. ఇల్వా వాణ్ణి గుండెకు కట్టుకుని, ఎడమచేత్తో సంచీ లాగుతూ, దారికి అడ్డంగా ఫోటోలు తీసుకుంటున్నవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతూ పరుగెత్తింది. తెల్లదారం కుట్టు ఒక్క పోగు కూడా సాగలేదు. రెండో విమానంలో మల్టే మళ్ళీ నిద్రపోయాడు, ఆమె మాత్రం పోలేదు. సోమవారం ఉదయం ఆపరేషన్ గదిలో తోవా చెయ్యి ఇల్వా ఎడమచేతిలో ఉంది. తోవా ఎంత గట్టిగా నొక్కిందంటే, ఆ చెయ్యి కూడా విరిగిందేమోనని నర్సు అడిగింది.

తోవాకు కూతురు పుట్టిందన్న సంగతి టోర్కెల్‌కు ఆ రోజే తెలిసింది. ఇల్వా ఫోను చేసి చెప్పిన గున్‌బ్రిట్ రెండంతస్తులు దిగొచ్చి, తలుపు తట్టి, నోటితో చెప్పి వెళ్ళింది.